మందుల ఖర్చు మోయలేకపోతుంటే: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేటలో ఒక మందుల షాపు కౌంటరు వెనక చాలా ఏళ్లు నిలబడ్డాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నా. షాపు మానేసినా, చీటీ ఫోటో తీసి పంపి "ఇది తక్కువలో ఎక్కడ దొరుకుతుందండీ" అని అడిగేవాళ్లు మానలేదు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను.

రేటు ఎక్కువని గొడవపడేవాళ్లను చూసి నేనెప్పుడూ బెంగపడలేదు. "పదిహేను రోజులకే ఇవ్వు బాబూ" అని తీసుకెళ్లి నలభై రోజుల తర్వాత మళ్లీ వచ్చేవాళ్లు ఉంటారు. నా భయమంతా వాళ్ల గురించే. ఈ పేజీ ముఖ్యంగా వాళ్ల కోసం.

## డాక్టరు గదిలో ఉండగానే

డాక్టరు గారి ముందు డబ్బుల మాట ఎత్తాలంటే మొహమాటంగా ఉంది. ఏమని అడగాలి?

చీటీ రాసేశాక కాదు, ఆయన పెన్ను తీయకముందే చెప్పండి. "మందులు కొంచెం తక్కువలో రాయండి" అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. అంకె చెప్పాలి. "అయ్యా, నెలకు మందులకి ఎనిమిది వందలకు మించి పెట్టుకోలేను, అందులో సర్దండి" అంటే ఆయన చేయగలిగినవి చాలా ఉంటాయి. కొత్త మందు బదులు అదే పనిచేసే పాత మందు రాయొచ్చు. కొందరికి రెండు మందులు కలిసిన మాత్ర కన్నా విడివిడిగా చౌక పడతాయి, కొందరికి కలిపిందే చౌక. బలానికి రాసినవి తీసేయొచ్చు.

ఇంకో సంగతి. కొన్ని మందుల రేట్లు పేటెంట్ (కనిపెట్టిన కంపెనీ ఒక్కటే అమ్ముకునే హక్కు) తీరగానే పడిపోతాయి. షుగరుకూ గుండెకూ వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అంతకుముందు మాత్ర 60 రూపాయల దాకా ఉండేది. ఆ వెంటనే చాలా కంపెనీలు 15 రూపాయల లోపే తెచ్చాయి. పాత చీటీ పట్టుకుని పాత బ్రాండే కొంటున్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు. ఏడాదికి ఒకసారైనా "ఈ మందు ఇప్పుడు తక్కువలో వస్తోందా సార్" అని అడగండి.

చీటీలో తొమ్మిది మందులున్నాయి. అన్నీ కొనాల్సిందేనా?

మీకు మీరుగా మానకండి. ఏవి ఎప్పటికీ వాడాలి, ఏవి కొన్నాళ్లే, ఏవి లేకపోయినా నడుస్తుంది అని డాక్టరునే అడిగి ప్రతి మందు పక్కన రాయించుకోండి. స్టెంటు వేశాక రక్తం పలుచన చేసే మాత్రలు, ఫిట్స్ మందులు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, గుండె మందులు అర్ధంతరంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. గ్యాస్ మాత్రలు, విటమిన్లు, కాల్షియం మాత్రం ఎవరో ఎప్పుడో ఐదు రోజులకని రాసినవి ఐదేళ్లు నడుస్తుంటాయి.

ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర చూపించుకుంటున్నవాళ్లు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచీలో వేసుకుని ఒకరి దగ్గరికి తీసుకెళ్లండి. రెండు వేరే పేర్లతో ఒకే గ్యాస్ మందును పొద్దున్నొకటి, రాత్రొకటి వేసుకుంటున్న పెద్దావిడను నేనే చూశాను. డబ్బు పోవడం సరే, మందు కూడా రెట్టింపు పడుతోంది ఆవిడకి.

మందు అసలు పేరు అంటున్నారు. అదెక్కడుంటుంది?

అట్ట మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు లోపల ఉన్న మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు "మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ". దాన్నే షాపువాళ్లు కంటెంట్ అంటారు. ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ లాంటి అక్షరాలు ఉంటే అవీ రాసుకోండి. అవి మెల్లగా కరిగే మాత్రలు. మామూలు మాత్రతో మార్చకూడదు. వాటిని నలపకూడదు, డాక్టరు చెప్పకుండా విరవకూడదు. ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. చౌక మందు వెతకడం ఆ కాగితంతోనే మొదలవుతుంది.

## షాపు దగ్గర

జనరిక్ మందు నిజంగా పనిచేస్తుందా? అంత చౌకంటే నాసిరకమేగా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. జనరిక్ అంటే కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో అమ్మేది. ధైర్యంగా చెబుతున్నాను: పనిచేస్తుంది. ధరలో తేడా ఎక్కువగా మందులో ఉండదు, మందు మీ దాకా వచ్చే దారిలో ఉంటుంది. బ్యాగు పట్టుకుని డాక్టర్ల దగ్గరికి తిరిగే రిప్రజెంటేటివ్ జీతం, ప్రచారం, పంపిణీదారుడి వాటా, షాపు వాటా అన్నీ ఆ ఎంఆర్‌పీలోనే ఉన్నాయి. మన దేశంలో పెద్ద పేరున్న బ్రాండ్లలో కూడా చాలావరకు పేటెంట్ తీరిన మందులే. అంటే అవీ ఒకరకంగా జనరిక్కులే.

కేంద్ర ప్రభుత్వ జన ఔషధి పథకంలో మందులు సరఫరా చేసే కంపెనీకి డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ ధ్రువీకరణ, అంటే తయారీ పద్ధతులు సరిగ్గా ఉన్నాయనే పత్రం, ఉండాలి. ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్ష చేయించాకే షాపులకు పంపుతారు. అయినా నాణ్యత పరీక్షల్లో తప్పే మందులు దేశంలో ఉన్నాయి. వాటిలో పేరున్న బ్రాండ్లూ ఉంటాయి, జనరిక్కులూ ఉంటాయి. కాబట్టి రేటు చూసి నాణ్యత తేల్చకండి. బీపీ మందు మార్చాక రెండు వారాల్లో రెండు మూడుసార్లు బీపీ చూపించుకోండి. షుగరుకైతే పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి. అంకెలు బాగుంటే నిశ్చింతగా వాడుకోండి.

కొన్ని మందుల విషయంలో మాత్రం నేను కూడా ఆగుతాను. థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మందులు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మనసు జబ్బుకు వాడే లిథియం, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్. వీటిలో మోతాదు రవ్వంత అటూ ఇటూ అయినా తేడా చేస్తుంది. డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చేయించుకునే మార్చాలి. మార్చాక నెలకో కంపెనీ కాకుండా ఒక్కదాని మీదే ఉండాలి.

జన ఔషధి షాపులో కొనాలంటే తెల్లకార్డు ఉండాలా? ఏం తీసుకెళ్లాలి?

ఏ కార్డూ అక్కర్లేదు. ఎవరైనా కొనొచ్చు. డాక్టరు చీటీ, మందు అసలు పేరు రాసుకున్న కాగితం చాలు. బ్రాండ్ పేరు చెబితే వాళ్లు వెతుక్కోవాలి, కంటెంట్ పేరు చెబితే వెంటనే తీసిస్తారు. బ్రాండ్ల కన్నా 50 నుంచి 80 శాతం దాకా తక్కువ పడుతుంది. రెండు ఊళ్లలోనూ ఇలాంటి షాపులు చాలా ఉన్నాయి. 'జనఔషధి సుగమ్' అనే యాప్‌లో మీ పేటకు దగ్గర్లో ఏముందో, మందు రేటెంతో కనిపిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు 1800 180 8080కి ఫోన్ చేయొచ్చు, ఖర్చుండదు.

ఇక్కడ వచ్చే చిక్కు స్టాకు. జాబితాలో 2,000 పైచిలుకు మందులున్నా మీ వీధి షాపులో అన్నీ ఉండవు. ఇంట్లో పది రోజుల మందు ఉండగానే వెళ్లండి. అప్పుడైతే "తెప్పించి పెట్టండి" అని చెప్పి రావచ్చు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట: అక్కడ శానిటరీ ప్యాడ్ ఒక్కోటి ఒక్క రూపాయే.

మామూలు షాపులో జనరిక్ అడిగితే "రాసిందే ఇస్తాం" అంటున్నారు. లాభం కోసమేనా?

అన్నిసార్లూ కాదు. డాక్టరు ఒక బ్రాండ్ రాస్తే దాని బదులు ఇంకోటి ఇవ్వకూడదని ఔషధ నిబంధనల్లోనే ఉంది. షాపతను భయపడడంలో న్యాయం ఉంది. అందుకే డాక్టరు చేతే కంటెంట్ పేరు రాయించుకోవాలి. జనరిక్ పేర్లు, వీలైతే పెద్ద అక్షరాల్లో, చదవడానికి వీలుగా రాయాలని 2016లోనే వైద్యుల నియమావళిలో చేర్చారు. కాబట్టి "కంటెంట్ పేరు కూడా రాయండి సార్" అని అడగడం తప్పేం కాదు.

ఒక షాపులో 10 శాతం, ఇంకో షాపులో 20 శాతం తగ్గింపు. ఎక్కడ కొనాలి?

శాతాన్ని కాదు, మాత్ర ఎంత పడిందో చూడండి. 200 ఎంఆర్‌పీ ఉన్న అట్ట మీద 20 శాతం తగ్గిస్తే 160. అదే మందు వేరే కంపెనీది తగ్గింపు లేకుండానే 70కి ఉండొచ్చు. బోర్డు చూసి అటువైపు పరుగెత్తేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. నెల మొత్తానికి ఎంతయిందో బిల్లు వెనక రాసిపెట్టుకుంటే మూడు నెలల్లో మీకే తెలుస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. క్యాన్సర్ లాంటి జబ్బులకు వాడే కొన్ని మందుల మీద పూర్తిగా తీసేశారు.

షాపువాళ్లు ఎక్కువ తీసుకున్నారనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి?

అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వమే గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఆ పని చూసేది జాతీయ ఔషధ ధరల సంస్థ. జాబితాలో లేని మందుల ఎంఆర్‌పీని కూడా కంపెనీలు ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. తేడా ఉంటే 1800 111 255కి ఫిర్యాదు చేయొచ్చు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు మీ చేతిలో ఉండాలి. బిల్లు వద్దంటే రెండు రూపాయలు తగ్గిస్తానంటారు, ఒప్పుకోకండి.

ప్రైవేటు ఆసుపత్రిలో వాళ్ల షాపులోనే కొనమంటున్నారు. బయట కొనొచ్చా?

మందులు ఎక్కడ కొనాలో ఎంచుకునే హక్కు రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2025 మార్చిలో కోర్టు విధానం తేల్చే పనిని రాష్ట్రాలకే వదిలింది. ఐసీయూలో మనిషి ఉన్నప్పుడు వాదనకు దిగే ఓపిక ఎవరికీ ఉండదు, నాకు తెలుసు. డిశ్చార్జి రోజున మాత్రం మీ మాట చెల్లుతుంది. అప్పుడు నెల మందులు కట్టించుకోకుండా మూడు రోజులకే తీసుకోండి. మిగతావి చీటీ పట్టుకుని బయట నెమ్మదిగా చూసి కొనుక్కోండి.

## నెలనెలా వాడే మందులు

బీపీ, షుగరు మందులు ఊరికే ఎక్కడిస్తారు?

మీ పేటలో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రంలో, పల్లెలో అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ పరీక్ష చేసి, జబ్బుంటే పేరు రాసుకుని మందులివ్వడం వాళ్ల పని. మీ వీధికి వచ్చే ఏఎన్ఎంను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది. నెలనెలా మాత్ర రంగు, సైజు మారుతుంటే కంగారు పడకండి. కంపెనీ మారి ఉంటుంది. మందు పేరు అదేనా అని మాత్రం చూసుకోండి.

గుంటూరు పెద్దాసుపత్రిలో, విజయవాడ జనరల్ ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద రాసిన మందులు అక్కడి కౌంటర్‌లోనే ఇస్తారు. పొద్దున్నే వెళ్లాలి. ఏదైనా మందు లేదంటే "లేదు" అని విని వచ్చేయకండి. మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లి, స్టాకులో ఉన్న దాన్ని బదులుగా రాయమనండి. చాలాసార్లు రాస్తారు. మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ ఫీజు నామమాత్రం. అక్కడి అమృత్ ఫార్మసీలో మందులు, శస్త్రచికిత్స సామాను తగ్గింపు ధరకు దొరుకుతాయి.

ఇన్సులిన్ పెన్ను ఖర్చు భరించలేకపోతున్నాం. దారి ఉందా?

డాక్టరును ఒక్కమాట అడగండి: "సీసాలో వచ్చే హ్యూమన్ ఇన్సులిన్‌కి మారొచ్చా?" కొత్తరకం పెన్నుల కన్నా అది చాలా చౌక. ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా ఇచ్చేదీ అదే. కాకపోతే వేసుకునే వేళ, తినే వేళ కచ్చితంగా పాటించాలి. షుగరు పడిపోయే అవకాశం కొందరికి ఎక్కువ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది ఆలోచించాల్సిన విషయం. మోతాదు డాక్టరే మార్చాలి. సీసాకీ సిరంజికీ 40 యూనిట్లు, 100 యూనిట్లు అని రెండు రకాలుంటాయి. రెండింటి మీదా ఒకే అంకె ఉందో లేదో కొనే ప్రతిసారీ చూడండి.

డబ్బు సర్దుబాటు కాక రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. మీ కష్టం తెలిసే చెబుతున్నాను. బీపీ మాత్ర ప్రభావం రోజుకు సరిపడా ఉంటుంది. రెండో రోజు మీ రక్తనాళాలకు కాపలా లేదు. మాకు తెలిసిన మిర్చియార్డు హమాలీ ఒకాయన ఇలాగే నాలుగు నెలలు గడిపాడు. కుడిచెయ్యి పడిపోయాక ఆసుపత్రికయిన ఖర్చుతో పదేళ్ల మాత్రలు వచ్చేవి. నేనే ఇచ్చేవాణ్ణి ఆయనకు ఆ సగం అట్టలు. ఎందుకు సగం అని ఒక్కసారీ అడగలేదు.

ఈరోజే మీ పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఎన్ని రోజులు మానారో దాచకుండా చెప్పండి. తిట్టరు. తిట్టినా మందు తీసుకునే రండి.

మావాడికి ఆటోనగర్‌లో ఉద్యోగం. ఈఎస్ఐలో మాకూ మందులిస్తారా?

జీతం నెలకు 21,000 లోపు ఉండి, జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోత పడుతుంటే అతనికి బీమా నంబరు ఉంటుంది. భార్యాపిల్లలతో పాటు అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది, మీ పేర్లు కార్డులో ఎక్కించి ఉండాలి. ముందు డిస్పెన్సరీ, అక్కడ కాకపోతే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి. కోత పడుతోందని తెలియకుండానే బయట కొనుక్కునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. జీతం కాగితం ఒకసారి తీసి చూడమనండి.

నేను రిటైరయ్యాను. నాకేమైనా వస్తుందా?

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్, రైల్వేవాళ్లకు రైల్వే ఆసుపత్రి, రాష్ట్ర ఉద్యోగులకు ఈహెచ్ఎస్ ఉన్నాయి. కార్డు చేయించుకోకపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

## పెద్ద జబ్బు వచ్చినప్పుడు

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చూపిస్తే షాపులో మందులిస్తారా?

ఇవ్వరు. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్నది ఇదే. ఆపరేషన్ ప్యాకేజీలో ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే కొద్దిరోజుల మందులు కలిసే ఉంటాయి. గుండె ఆపరేషన్ లాంటి కొన్ని చికిత్సలకు ఏడాది వరకు ఫాలోఅప్ కింద పరీక్షలు, మందులు వస్తాయి. ఇది అడగకపోవడంవల్లే పోగొట్టుకుంటారు. డిశ్చార్జికి ముందు రోజే ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను "మాకు ఫాలోఅప్ మందులున్నాయా, మళ్లీ ఎప్పుడు రావాలి" అని అడిగి రాయించుకోండి. సందేహముంటే 104కి ఫోన్ చేయండి.

70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. ఏడాదికి 5 లక్షలు. అదీ ఆసుపత్రిలో చేరితేనే.

క్యాన్సర్ మాత్రలు నెలకు వేలల్లో అవుతున్నాయి. ఎవరిని కలవాలి?

గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలోనే నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ కేంద్రం ఉంది. ముందు అక్కడ చూపించుకోండి. ప్రైవేటులో మొదలుపెట్టినవాళ్లు కూడా రిపోర్టులన్నీ పట్టుకుని అక్కడికి మారొచ్చు. మారితే మొదటి డాక్టరుకు కోపం వస్తుందేమో అని ఆగకండి.

ఇదే నాట్కో కంపెనీకి 2012లో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ దక్కింది. అంటే పేటెంట్ ఇంకొకరిదైనా ఆ మందు తయారుచేసి అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. లివర్, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అప్పట్లో నెలకు 2 లక్షల 80 వేలు ఉండేది. ఆ లైసెన్స్‌తో 8,800కి వచ్చింది. క్యాన్సర్ మందు ధర దిగిరాదని అనుకునేవాళ్లకు నేను ఈ అంకెలే చెబుతుంటాను. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద అమ్మకపు లాభం 30 శాతం మించకూడదని కట్టడి చేసింది.

పేటెంట్ ఉన్న ఖరీదైన మందులైతే తయారీ కంపెనీలకే సహాయ పథకాలుంటాయి. కొన్ని నెలలు కొంటే కొన్ని నెలలు ఊరికే ఇచ్చే పద్ధతి. షాపువాళ్లు ఇది చెప్పలేరు. క్యాన్సర్ డాక్టరు సంతకంతోనే దరఖాస్తు వెళ్తుంది కాబట్టి "ఈ మందుకు కంపెనీ సాయం ఏమైనా ఉందా" అని ఆయన్నే అడగాలి. కొనడం మొదలుపెట్టకముందే అడగాలి, పాత బిల్లులు లెక్కలోకి రాకపోవచ్చు.

డయాలసిస్ ఊరికే జరుగుతోంది గానీ, మిగతా మందులకే చాలా అవుతోంది.

డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 పింఛను ఇస్తోంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు వైపు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మనకు తెలిసిందే. గ్రామ, వార్డు సచివాలయంలో ఆసుపత్రి ధ్రువపత్రంతో అడగండి. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ప్యాకేజీలో ఉందో లేదో డయాలసిస్ సెంటర్లోనే తేల్చుకోండి.

టీబీ, హెచ్ఐవీ మందులు కొనుక్కోవాలా?

ఒక్క రూపాయి అక్కర్లేదు. టీబీకి మందులు ఉచితం, పైగా ఆహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నా పేరు నమోదైతే వస్తుంది. హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి, పేరు బయటపెట్టరు, సలహా నంబరు 1097. హెపటైటిస్ బి, సి మందులు కూడా ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితమే.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎలా పెట్టుకోవాలి?

మీ ఎమ్మెల్యే లేదా ఎంపీ కార్యాలయం ద్వారా. అసలు బిల్లులు, డిశ్చార్జి పత్రం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కాపీ కావాలి. అసలు బిల్లులు ఇచ్చేముందు అన్నీ జిరాక్స్ తీసుకోండి. ఖర్చయిన మొత్తమంతా రాదు, కొంత భాగమే వస్తుంది. వచ్చేదాకా నెలలు పట్టొచ్చు. చికిత్సకు ముందే డబ్బు కావాలంటే ఎల్ఓసీ (ఆసుపత్రికి ముందుగా ఇచ్చే హామీ పత్రం) అని అడగండి, ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రం జతచేయాలి.

"నేను ఇప్పిస్తా, ఇంత ఇవ్వండి" అనేవాళ్లకు ఒక్క పైసా ఇవ్వకండి. దరఖాస్తుకు ఫీజు లేదు. ఇక దొంగ బిల్లులు పెట్టినవాళ్ల మీద కేసులు పడ్డాయి.

## ఖర్చు పెట్టేశాక

ఇన్‌కమ్‌టాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా?

పాత పన్ను విధానంలో ఉంటేనే. 60 దాటి ఆరోగ్య బీమా లేనివాళ్ల మందుల ఖర్చు ఏడాదికి 50,000 వరకు మినహాయింపుగా చూపించొచ్చు (1961 చట్టంలో ఇది 80డి). క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం లాంటి జబ్బులకు వేరే మినహాయింపు ఉంది (1961 చట్టంలో ఇది 80డిడిబి). 60 దాటినవాళ్లకైతే లక్ష వరకు.

నాన్నగారు పోయారు. ఆయన మందులు బీరువాలో మిగిలాయి. ఎవరికైనా ఇవ్వొచ్చా?

ఇలా అడిగేవాళ్ల గొంతు వింటేనే తెలిసిపోతుంది, ఆ అట్టలు పారేయడానికి చేతులు రావు. ఐనా పక్కింటివాళ్లకు నేరుగా ఇవ్వకండి. పేరు ఒకటే అయినా మోతాదు వేరు కావొచ్చు. కత్తిరించని అట్టలు, గడువు చాలా ఉన్నవి, బిల్లుతో సహా కొన్న షాపుకి తీసుకెళ్లండి. కొందరు వెనక్కి తీసుకుంటారు. తీసుకోకపోతే ఆయనను చూసిన డాక్టరుకు చూపించి, అవసరమున్న రోగికి ఆయన చేతుల మీదుగా ఇవ్వడానికి వీలవుతుందేమో అడగండి. ఫ్రిజ్‌లోంచి బయటపెట్టిన ఇన్సులిన్, విప్పిన సిరప్‌లు, సగం కోసిన అట్టలు మాత్రం ఎవరికీ పనికిరావు. మాత్రలు అట్టల్లోంచి తీసి, వాడేసిన కాఫీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరు కట్టి చెత్తబండికి వేయండి. పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంటుంది.